ఏ ఫైలు ఎక్కడ ఉండాలి: పైథాన్ వెబ్ ప్రాజెక్టులో ఫోల్డర్ల అమరిక

పైథాన్ భాషలో ఫైలు ఉన్న చోటుకూ ఆ ఫైలు పేరుకూ విడదీయరాని సంబంధం ఉంది. ఒక ఫైలులో రాసిన ఫంక్షన్లను మరొక ఫైలు వాడుకోవాలంటే దానిని ‘ఇంపోర్ట్’ చేసుకోవాలి, అంటే పేరు పెట్టి తెప్పించుకోవాలి. ఆ పేరు, ఫైలు ఏ ఫోల్డరులో ఉన్నదో, ఆ ఫోల్డరు మరే ఫోల్డరులో ఉన్నదో వరుసగా చుక్కలతో కలిపి చెప్పే చిరునామా. అందుచేత ఫైలును ఒక ఫోల్డరు నుంచి తీసి మరొకదానిలో పెట్టడమంటే దాని పేరు మార్చడమే అవుతుంది, ఆ పేరుతో దానిని పిలుస్తున్న ప్రతి చోటా దిద్దుబాటు చేయనిదే ప్రోగ్రాము నడవదు. వెబ్ ప్రాజెక్టులలో ఈ వ్యవహారం మరింత చిక్కుపడుతుంది. ఎందుకంటే పైథాన్ ఫైళ్లతోపాటు బ్రౌజరుకు పంపే పేజీల నమూనాలు, వాటి రూపురేఖలను నిర్ణయించే స్టైల్ ఫైళ్లు, బొమ్మలు, డేటాబేసులో జరిగిన మార్పుల చరిత్ర, సర్వరు అమరికలు, పరీక్షలు, అనువాదాలు అన్నీ ఒకే చోట చేరతాయి, వాటిలో ఒక్కొక్కదానితో పని ఉండే మనుషులు వేరువేరుగా ఉంటారు.

ఇంపోర్ట్ అనే ఆదేశం ఎదురైనప్పుడు పైథాన్ చేసే వెతుకులాటలో మర్మమేమీ లేదు. భాషలోనే ఇమిడి ఉన్న కొద్దిపాటి మాడ్యూళ్లను మినహాయిస్తే, ‘సిస్.పాత్’ అనే జాబితాలోని ఫోల్డర్లను మొదటి నుంచి చివరి వరకు వరుసగా చూసుకుంటూ పోయి, అడిగిన పేరు ఎక్కడ ముందుగా దొరికితే అక్కడితో అది ఆగిపోతుంది. ఒక ఫైలును నేరుగా నడిపితే ఆ ఫైలు ఉన్న ఫోల్డరే జాబితాకు తలభాగాన చేరుతుంది. పైథాన్‌తోపాటు వచ్చే ప్రామాణిక లైబ్రరీ దాని తరువాతే వస్తుంది. ఒక్క పైథాన్ ఫైలును మాడ్యూల్ అనీ, మాడ్యూళ్లను కలిపి ఉంచిన ఫోల్డరును ప్యాకేజీ అనీ పిలుస్తారు. ‘ఇనిట్.పీవై’ అనే ఫైలు (పేరులోని ఇనిట్‌కు ముందూ వెనుకా రెండేసి అండర్‌స్కోర్లు ఉంటాయి) లోపల ఉంటేనే ఫోల్డరును ప్యాకేజీగా గుర్తించే నియమం చాలాకాలం సాగింది గాని, 2012లో విడుదలైన పైథాన్ 3.3 నుంచి ఆ ఫైలు లేకున్నా ఫోల్డరును ఒక తరహా ప్యాకేజీగా అంగీకరిస్తున్నారు. దాంతో ఆ ఫైలుకు కాలం చెల్లిందని భావించేవారు ఉన్నా, పరీక్షలను వెతికిపెట్టే పరికరాలూ ప్యాకేజీలను మూటకట్టే పరికరాలూ ఇప్పటికీ దాని ఉనికిని చూసి నడుచుకునే సందర్భాలు ఉన్నాయి కనుక, ఖాళీగానైనా దానిని ఉంచడమే మేలు.

ఈ నియమాలు ఆచరణలో ఎక్కడ అడ్డుతగులుతాయో చూడడానికి వనపర్తి జిల్లా కొత్తకోట ప్రాంతం నుంచి ఒక చిన్న ఊహాత్మక ప్రాజెక్టును తీసుకోవచ్చు. కొత్తకోటకు చేరువలో, వనపర్తి సంస్థానాధీశుడు రామేశ్వరరావు తన తల్లి సరళాదేవి పేరిట 1949లో పనులు మొదలుపెట్టించిన సరళాసాగర్ జలాశయం ఉంది. నీటిమట్టం హద్దుకు చేరగానే మనిషి ప్రమేయం లేకుండా సైఫన్లే నీటిని బయటికి పంపే ఏర్పాటు దాని ప్రత్యేకత. 2019 డిసెంబరు 31న దాని కట్టకు గండి పడింది. అటువంటి జలాశయపు రోజువారీ నీటిమట్టాన్నీ, ఎగువన కురిసిన వర్షాన్నీ నమోదు చేసుకుని, నిల్వను లెక్కగట్టి, గ్రాఫుగా చూపే వెబ్‌సైటును ఒక కళాశాల విద్యార్థులు తలపెట్టారనుకుంటే, వారి మొదటి ప్రయత్నం ఒకే ఫైలులో ఉండడం సహజం, సమంజసం కూడా. ఫ్లాస్క్ అనే ఫ్రేమ్‌వర్కు ఇటువంటి ఆరంభానికి బాగా అనువైనది. ఫ్రేమ్‌వర్కు అంటే బ్రౌజరు నుంచి వచ్చే అభ్యర్థనను అందుకుని తగిన ఫంక్షనుకు అప్పగించడం వంటి మామూలు పనులను ముందే రాసిపెట్టిన కోడు. ఆర్మిన్ రోనాకర్ 2010లో, ఒకే ఫైలులో ఇమిడిపోయే ఫ్రేమ్‌వర్కుల మోజును ఎగతాళి చేస్తూ ఏప్రిల్ ఒకటిన విడుదల చేసిన హాస్యపు కోడు నుంచే ఫ్లాస్క్ పుట్టిందన్నది గుర్తుంచుకోదగ్గ విషయం. ఎగతాళిని జనం నిజంగానే ఆదరించడంతో దానికి నిజమైన ఫ్రేమ్‌వర్కుగా నిలబడక తప్పలేదు. రెండు మూడు వందల వరుసలు దాటని ప్రాజెక్టుకు పది ఫోల్డర్లు ముందుగానే కట్టిపెట్టి, ఒక్కొక్కదానిలో ఇరవై వరుసల ఫైలు పెట్టుకోవడం వల్ల చదివేవారికి తిప్పలు తప్ప ఒరిగేదేమీ ఉండదు.

ఒక్క ఫైలు దశలోనే ఎదురయ్యే చిక్కు పేరు పెట్టడంలో ఉంటుంది. విద్యార్థులు తమ ఫైలుకు ‘కోడ్.పీవై’ అని పేరు పెట్టారనుకుందాం. ఆ పేరుతోనే పైథాన్ ప్రామాణిక లైబ్రరీలో ఒక మాడ్యూల్ ఉంది, తప్పులు వెతికే ‘పీడీబీ’ అనే పరికరం ఆ మాడ్యూల్‌నే ఇంపోర్ట్ చేసుకుంటుంది. నడుపుతున్న ఫైలు ఉన్న ఫోల్డరు జాబితా తలభాగాన ఉంటుంది కాబట్టి, పీడీబీ అడిగిన ‘కోడ్’ బదులు దానికి సరళాసాగర్ ప్రాజెక్టు ఫైలే దొరుకుతుంది. అప్పటికే ఒకసారి నడుస్తున్న ఫైలు వేరే పేరుతో రెండోసారి లోడ్ అవుతుంది. తప్పు వెతకడానికి తెచ్చుకున్న పరికరమే కొత్త తప్పుకు కారణమైనప్పుడు, కారణం ఫైలు పేరులో ఉన్నదని ఊహించడం అనుభవజ్ఞులకు సైతం కష్టమే. ఈ-మెయిల్ పంపే ఫైలుకు ‘ఈమెయిల్.పీవై’ అని, తేదీల లెక్కకు ‘క్యాలెండర్.పీవై’ అని పేరు పెట్టినా ఇదే జరుగుతుంది. అవే ఫైళ్లను ‘జలాశయం’ అనే ప్యాకేజీ లోపల పెడితే వాటి పూర్తి పేర్లు ‘జలాశయం.ఈమెయిల్’, ‘జలాశయం.క్యాలెండర్’ అవుతాయి గనుక తగవు ఉండదు. ప్రాజెక్టు కోడు మొత్తాన్ని ఒక ప్యాకేజీ ఫోల్డరు కింద చేర్చి, బయట అమరికల ఫైళ్లను, పరీక్షలను మాత్రమే ఉంచే ఆచారానికి మొదటి ప్రయోజనం ఇదే.

ప్రాజెక్టు పెరిగి, డేటాబేసు పట్టికలను వర్ణించే కోడును, అంటే ‘మోడళ్లను’, వేరే ఫైలులోకి తీసినప్పుడు రెండో చిక్కు తలెత్తుతుంది. ప్రధాన ఫైలు డేటాబేసు వస్తువును తయారుచేసి, మోడళ్లను ఇంపోర్ట్ చేసుకుంటుంది. మోడళ్ల ఫైలు ఆ డేటాబేసు వస్తువు కోసం తిరిగి ప్రధాన ఫైలునే ఇంపోర్ట్ చేసుకుంటుంది. పైథాన్ ఫైలును పైనుంచి కిందికి ఒక్కొక్క వరుసగా నడుపుతుంది కనుక, ఒకటి సగం నడిచి రెండోదాని కోసం ఆగగా, రెండోది మొదటిదానిలో ఇంకా తయారుకాని పేరును అడిగి, మాడ్యూల్ పాక్షికంగానే సిద్ధమైందన్న సందేశంతో ఆగిపోతుంది. దీనినే వలయ ఇంపోర్ట్ అంటారు. ఇంపోర్ట్ వాక్యాన్ని ఫైలు అడుగుకు జరపడమో, ఫంక్షను లోపల దాచడమో చేస్తే అప్పటికి గండం గడుస్తుంది గాని, వలయం అలాగే ఉంటుంది. సరైన మందు, ఇద్దరికీ కావలసిన డేటాబేసు వస్తువును ఎవరినీ ఇంపోర్ట్ చేసుకోని మూడో ఫైలులోకి తీసి, అనువర్తనాన్ని తయారుచేసే పనిని ఒక ఫంక్షనుకు అప్పగించడం. అవసరమైనప్పుడే పిలిచే ఆ ఫంక్షనును అప్లికేషన్ ఫ్యాక్టరీ అంటారు. పరీక్షలప్పుడు అదే ఫంక్షనును పిలిచి, అసలు డేటాబేసు జోలికి పోకుండా తాత్కాలికమైన దానితో మరో అనువర్తనాన్ని తయారుచేసుకోవచ్చు.

ఫోల్డర్ల అమరికలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇక్కడే స్పష్టమవుతుంది: ఎవరు ఎవరిని ఇంపోర్ట్ చేసుకోవచ్చు? నీటిమట్టం ఇస్తే నిల్వ ఎంతో చెప్పే లెక్కకు ఫ్లాస్క్‌తో గాని, బ్రౌజరుతో గాని, డేటాబేసుతో గాని పనిలేదు. ఫ్రేమ్‌వర్కు మారినా ఆ లెక్క మారదు. అటువంటి కోడు ఉన్న ఫైలు తన చుట్టూ ఉన్న దేనినీ ఇంపోర్ట్ చేసుకోకూడదు, తక్కినవన్నీ దానిని ఇంపోర్ట్ చేసుకోవచ్చు. పేజీలను తయారుచేసే ఫంక్షన్లు మోడళ్లను వాడుకోవచ్చు గాని మోడళ్లు పేజీల సంగతి తెలుసుకోకూడదు. ఆధారపడే దిశ ఇలా ఒకవైపే ఉన్నంతకాలం ఫోల్డర్లకు ఏ పేర్లు పెట్టినా ప్రాజెక్టు నిలబడుతుంది. దిశ తప్పితే ఎంత అందమైన పేర్లున్నా ప్రతి మార్పూ పది చోట్ల పగుళ్లు తెస్తుంది. ఫోల్డర్ల చర్చ తరచుగా పేర్ల మీద వాదనగా మారిపోవడం వల్ల ఈ దిశ సంగతి మరుగున పడుతోంది.

ఫ్రేమ్‌వర్కు నిర్మాతలే అమరికలో పొరబడి దిద్దుకున్న ఉదాహరణ జాంగో చరిత్రలో ఉంది. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ఒక వార్తాపత్రిక కార్యాలయంలో రూపుదిద్దుకుని 2005లో బహిరంగమైన ఈ ఫ్రేమ్‌వర్కు, కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టమన్న ఆదేశం ఇవ్వగానే ఫోల్డర్లను తానే తయారుచేసి ఇస్తుంది. తొలి సంవత్సరాలలో ప్రాజెక్టును నడిపే ‘మేనేజ్.పీవై’ ఫైలు ప్రాజెక్టు ప్యాకేజీ లోపలే ఉండేది. దానిని నడిపినప్పుడు ప్యాకేజీ లోపలి ఫోల్డరూ, దాని పై ఫోల్డరూ రెండూ వెతుకులాట జాబితాలో చేరేవి. ఫలితంగా ఒకే ఫైలును రెండు పేర్లతో ఇంపోర్ట్ చేసుకునే వీలు ఏర్పడింది. పైథాన్‌కు పేరే గుర్తింపు కాబట్టి, రెండు పేర్లతో పిలిచిన ఒకే ఫైలు దాని దృష్టిలో రెండు వేరు మాడ్యూళ్లు. ఒకదానిలో తయారైన క్లాసు రెండోదానిలోని అదే క్లాసుతో సమానం కాదు. రచయిత కంప్యూటరులో సాఫీగా నడిచిన సైటు సర్వరు మీద మొండికేయడానికి ఇదొక కారణమైంది. 2012లో విడుదలైన జాంగో 1.4 ఆ ఫైలును ప్యాకేజీ బయటికి తెచ్చింది. ఒక్క ఫైలు ఒక్క మెట్టు పైకి జరగడంతో సమస్య మూలం పోయింది.

వందల చేతులు మారిన ప్రాజెక్టులో ఈ సూత్రాలు ఎంతవరకు నిలిచాయో తెలుసుకోవడానికి ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి ఓపెన్ లైబ్రరీని మించిన బహిరంగ ఉదాహరణ తెలుగు పాఠకులకు దొరకడం కష్టం. ప్రచురితమైన ప్రతి పుస్తకానికీ ఒక వెబ్ పేజీ ఉండాలన్న లక్ష్యంతో 2007లో వెలుగుచూసిన ఈ సైటు సర్వరు కోడు ప్రధానంగా పైథాన్‌లో ఉంది, ఎవరైనా దించుకుని చదవవచ్చు. దాని పునాది అయిన వెబ్.పీవై అనే ఫ్రేమ్‌వర్కును ఆరన్ స్వార్ట్జ్ రూపొందించి 2006లో విడుదల చేయగా, తరువాతి కాలంలో దానిని చేపట్టి నిర్వహించినవారిలో తెలుగు ఇంటిపేరు గల ఆనంద్ చిటిపోతు ముఖ్యులు. ఓపెన్ లైబ్రరీ నిర్మాణంలోనూ ఆయన ఏళ్లతరబడి పనిచేశారు.

దాని మూల ఫోల్డరును తెరిస్తే, సైటు కోడంతా ‘ఓపెన్‌లైబ్రరీ’ అనే ఒకే ప్యాకేజీలో కనిపిస్తుంది. బయట సర్వరు అమరికలకు ‘కాన్ఫ్’, బ్రౌజరుకు నేరుగా పంపే ఫైళ్లకు ‘స్టాటిక్’, విడిగా నడిపే పనులకు ‘స్క్రిప్ట్స్’, బయటివారి కోడుకు ‘వెండర్’ అనే ఫోల్డర్లు ఉంటాయి. ప్యాకేజీ లోపల ‘కోర్’ ఫోల్డరులో అరువు, రేటింగు, పుస్తకాల అరలు వంటి విషయాల మూల కోడు, ‘ప్లగిన్స్’ ఫోల్డరులో వెబ్ చిరునామాలకు జవాబిచ్చే కోడు, ‘టెంప్లేట్స్’లో పేజీల నమూనాలు, ‘మాక్రోస్’లో పేజీలలో పదేపదే వాడుకునే చిన్న ముక్కలు ఉన్నాయి. టెంప్లేట్ అంటే పేరు, ఏడాది, బొమ్మ వంటివి నింపడానికి ఖాళీలు వదిలిన పేజీ.

కొత్తకోటలో కూర్చున్న పాఠకుడెవరైనా, గద్వాల ప్రాంతపు రచయిత సురవరం ప్రతాపరెడ్డి పేరు టైపు చేసి వెతికితే, ఆ అభ్యర్థన ఈ ఫోల్డర్ల గుండా ఎలా ప్రయాణిస్తుందో చూడడం ఉపయోగకరం. ‘సెర్చ్’ అన్న చిరునామాకు జవాబిచ్చే క్లాసు, ప్లగిన్స్ లోపలి ‘వర్క్‌సెర్చ్’ ఫోల్డరులో, ‘కోడ్.పీవై’ అనే ఫైలులో ఉంది. ఇంతకుముందు ప్రమాదకరమని చెప్పిన పేరే ఇది. వెబ్.పీవై పాఠాలు ప్రాజెక్టు ఫైలుకు ఆ పేరునే వాడేవి, ఓపెన్ లైబ్రరీ ప్లగిన్లలోనూ అదే ఆచారం కొనసాగింది. అయితే ఇక్కడ ఆ ఫైలు పూర్తి పేరు ఓపెన్‌లైబ్రరీతో మొదలై, ప్లగిన్స్, వర్క్‌సెర్చ్ దాటి కోడ్‌తో ముగుస్తుంది కనుక ప్రామాణిక లైబ్రరీతో ఘర్షణ లేదు. ఆ క్లాసు ప్రశ్నను సోలర్ అనే శోధన యంత్రానికి పంపుతుంది. వచ్చిన ఫలితాలను టెంప్లేట్స్ ఫోల్డరులోని శోధన పేజీ నమూనాకు అందించగా, ఒక్కొక్క పుస్తకాన్ని ఒక్కొక్క వరుసగా చూపే పని మాక్రోస్ ఫోల్డరులోని ముక్క చేస్తుంది. ఆ ముక్కను వేరుగా ఉంచినందువల్ల శోధనలోనే గాక ఇతర జాబితాలలోనూ పుస్తకం ఒకే తీరున కనిపిస్తుంది. సోలర్‌లోకి పుస్తకాల వివరాలు చేర్చే కోడు మాత్రం ‘సోలర్’ అనే వేరే ఫోల్డరులో ఉంది. అడిగేవారికి జవాబు చెప్పడం, సమాచారాన్ని సిద్ధం చేసిపెట్టడం వేరువేరు వేళల్లో, వేరువేరు ప్రక్రియలుగా జరుగుతాయి గనుక ఈ విభజన సబబే.

తెలుగువారికి ప్రత్యేకంగా ఆసక్తి కలిగించేది ‘ఐ18ఎన్’ ఫోల్డరు. అందులో భాషకొక ఉపఫోల్డరు ఉంటుంది. తెలుగుకు ‘టీఈ’ అన్న రెండక్షరాల గుర్తు, దానిలో ‘మెసేజెస్.పీఓ’ అనే ఫైలు. టెంప్లేట్లలో తెరపై కనిపించే ప్రతి ఆంగ్ల వాక్యం చుట్టూ ఒక చిన్న గుర్తు పెడతారు. ఒక పరికరం ఆ గుర్తులున్న వాక్యాలన్నిటినీ ఏరి జాబితాగా రాస్తుంది. అనువాదకులు ఆ జాబితాలో ఆంగ్ల వాక్యం కింద తెలుగు వాక్యం రాస్తారు. పేజీ తయారయ్యే వేళ పాఠకుడి భాషకు అనువాదం ఉంటే అది, లేకుంటే ఆంగ్లమే కనిపిస్తుంది. అనువదించేవారికి పైథాన్ రాకపోయినా ఫరవాలేదు, ఆ ఒక్క ఫోల్డరు దాటి చూడనక్కరలేదు. వారు చేసే పొరపాటు వల్ల అరువు లెక్క చెడిపోయే అవకాశమూ బహు తక్కువ. ఇదే ప్రాజెక్టులో అనువాదాలను ఆయా పేజీల పక్కనే పెట్టి ఉంటే, తెలుగు వాక్యాలు రాయదలచినవారు వందల ఫైళ్లను తడవవలసి వచ్చేది. ఫోల్డరు గిరిగీసేది ఫైళ్ల చుట్టూనే అయినా, నిజానికి అది ఎవరి పని ఎక్కడ ముగుస్తుందో చెబుతుంది.

అన్నీ ఇంత పొందికగా ఉన్నాయనుకుంటే పొరపాటు. ఓపెన్‌లైబ్రరీ ప్యాకేజీ లోపలి ప్లగిన్స్‌లో మళ్లీ ‘ఓపెన్‌లైబ్రరీ’ అనే ఫోల్డరు ఉంది. దాని పక్కన ‘అప్‌స్ట్రీమ్’ అనే మరో ఫోల్డరు. రెండోదానిలో సభ్యుల ఖాతాలు, అరువు ఇచ్చే పేజీలు, కొత్త పుస్తకం చేర్చే పత్రం, ముఖచిత్రాల పని, పెద్దదైన ‘యుటిల్స్’ ఫైలు కలిసి ఉన్నాయి. ఖాతా పేజీలో తప్పు దిద్దడానికి వచ్చిన కొత్తవారికి ఆ పేరు చూసి అక్కడికి వెళ్లాలని తోచదు. మోడళ్లు కోర్‌లోనూ ఉన్నాయి, అప్‌స్ట్రీమ్‌లోనూ ఉన్నాయి. పదిహేనేళ్లకు పైబడి నడుస్తున్న ఏ ప్రాజెక్టులోనైనా ఇటువంటి పొరలు కనిపించడం సహజమే. అప్పటి అవసరానికి తగినట్లు పెట్టిన పేరు, అవసరం తీరిన తరువాత కూడా ఇంపోర్ట్ వాక్యాలలో బతికిపోతుంది. ‘యుటిల్స్’ అన్న పేరు మాత్రం మొదటి రోజు నుంచే అనుమానించదగినది, ఎక్కడ పెట్టాలో తేల్చుకోలేనివన్నీ అందులోనే చేరతాయి కాబట్టి.

ఓపెన్ లైబ్రరీ అమరికను నిశితంగా చూస్తే రెండు పద్ధతుల కలయిక కనిపిస్తుంది. టెంప్లేట్లన్నీ ఒకచోట, మాక్రోలన్నీ ఒకచోట ఉంచడం పొరలవారీ పద్ధతి. శోధన, దిగుమతి, నిర్వాహకుల పని వంటివాటికి వేరువేరు ప్లగిన్లు కేటాయించడం విషయంవారీ పద్ధతి. సరళాసాగర్ ప్రాజెక్టుకు వర్తింపజేస్తే, మొదటి పద్ధతిలో మోడళ్లు, పేజీలు, నమూనాలు అన్న మూడు ఫోల్డర్లలో నీటిమట్టమూ వర్షపాతమూ హెచ్చరికలూ కలగలిసి ఉంటాయి. రెండో పద్ధతిలో నీటిమట్టానికి ఒక ఫోల్డరు, వర్షపాతానికి ఒకటి, హెచ్చరికలకు ఒకటి ఉండి, ఒక్కొక్కదానిలో దాని మోడళ్లూ పేజీలూ ఉంటాయి. వర్షపాతాన్ని మిల్లీమీటర్లతోపాటు అంగుళాలలోనూ చూపమని అడిగితే మొదటి పద్ధతిలో మూడు ఫోల్డర్లు తెరవాలి, రెండోదానిలో ఒకటి చాలు. ఫ్లాస్క్‌లో బ్లూప్రింట్లు, జాంగోలో ‘యాప్’లు ఈ రెండో పద్ధతికి ఉద్దేశించినవే. ఐదారు ఫైళ్ల దశ దాటిన ప్రాజెక్టుకు విషయంవారీ విభజనే ఎక్కువ కాలం నిలుస్తుంది. అయితే సైటంతటికీ చెందిన మూల నమూనా, అనువాదాలు, స్టైల్ ఫైళ్లు పొరలవారీగా ఒకచోట ఉండడమే మంచిది. జాంగోలో ప్రతి యాప్‌లోని నమూనాల ఫోల్డరు లోపల మళ్లీ ఆ యాప్ పేరుతోనే ఇంకొక ఫోల్డరు పెట్టడం కొత్తవారికి వింతగా తోస్తుంది గాని, నమూనాలన్నిటినీ ఫ్రేమ్‌వర్కు ఒకే కుప్పలో వెతుకుతుంది గనుక, రెండు యాప్‌లలో ‘జాబితా’ అనే నమూనా ఉంటే మొదట దొరికినదే చూపుతుంది. లోపలి ఫోల్డరు ఆ అయోమయాన్ని తప్పిస్తుంది.

ప్రాజెక్టు కోడుతోపాటు నమోదు చేయకూడనివాటి సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. డేటాబేసు సంకేతపదాలు, పాఠకులు ఎక్కించిన బొమ్మలు, పైథాన్ తానే తయారుచేసుకునే ‘పైక్యాష్’ ఫోల్డర్లు, ప్రాజెక్టుకు కావలసిన లైబ్రరీలను దించి ఉంచే వర్చువల్ ఎన్విరాన్‌మెంటు, వీటిని గిట్ అనే చరిత్ర నమోదు పరికరం విస్మరించేలా మొదటి రోజే రాసిపెట్టాలి; ఒకసారి చరిత్రలోకి ఎక్కిన సంకేతపదాన్ని తరువాతి మార్పులో తుడిచేసినా పాత ప్రతులలో అది అలాగే ఉంటుంది.

ఇప్పటికే ఉన్న ప్రాజెక్టులో అమరికను మార్చవలసి వస్తే, ఫైలును జరపడమూ దాని లోపలి కోడును దిద్దడమూ ఒకే మార్పుగా నమోదు చేయకూడదు. గిట్ ఫైలు తరలింపును విడిగా రాసుకోదు; మాయమైన ఫైలు, కొత్తగా కనిపించిన ఫైలు సగానికి పైగా ఒకేలా ఉంటే అది తరలింపే అయి ఉంటుందని పోల్చుకుంటుంది. జరిపిన ఫైలును అదే మార్పులో సగం తిరగరాస్తే ఆ పోలిక తప్పి, ఏ వరుసను ఎవరు ఎందుకు రాశారన్న చరిత్రను వెనక్కి వెతికే దారి అక్కడితో తెగుతుంది. పాత చోట, కొత్త చోటు నుంచి అవే పేర్లను ఇంపోర్ట్ చేసి అందించే రెండు వరుసల ఫైలును కొంతకాలం ఉంచితే, అప్పటికే తయారై చేరడానికి వేచి ఉన్న ఇతరుల మార్పులు విరిగిపోవు. ఆ పాత పేరును పిలిచేవారు ఎవరూ మిగలలేదని కోడంతా గాలించి నిర్ధారించుకున్న తరువాత దానిని తొలగించవచ్చు.